దేవుడా, ధనమా? తెలుగు క్రైస్తవ చరిత్రలో ఒక పాత ప్రశ్న

1.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ధనంకంటే దేవుణ్ణి మిన్నగా కోరుకోవడం అనే క్రైస్తవ భావనను చారిత్రక దృష్టితో వివరించగలుగుతారు.
• 1833 నుంచి 1978 వరకు తెలుగువారి మధ్య ఆ భావన తీసుకున్న నాలుగు రూపాలను పోల్చి చూడగలుగుతారు.
• త్యాగాన్ని గురించిన ఆధారాలను చదివేటప్పుడు చరిత్ర విద్యార్థి పాటించవలసిన జాగ్రత్తలను గుర్తించగలుగుతారు.

1.1 పరిచయం

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ అనగానే మనకు గుర్తుకు వచ్చేవి స్టూడియోలు, తారల ఇళ్లు, కొత్త సినిమాల హోర్డింగులు. ఒకప్పుడు బండరాళ్లు, ముళ్లపొదలు తప్ప మరేమీ లేని ఈ గుట్టల మీద 1960వ దశకంలో సహకార గృహనిర్మాణ సంఘం కాలనీ పని మొదలుపెట్టింది. తరువాతి దశాబ్దాల్లో తెలుగు సినిమా మద్రాసు నుంచి హైదరాబాదుకు క్రమంగా తరలివచ్చి, ఇక్కడే స్థిరపడింది. ఈనాడు నగరంలో భూమి ధర బాగా ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఇదొకటి. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ప్రాంగణం కూడా జూబ్లీహిల్స్‌లోనే ఉంది. పరీక్షలకో, పుస్తకాలకో వచ్చి ఈ దారుల్లో నడిచిన విద్యార్థులు మీలో కొందరైనా ఉంటారు.

డబ్బు మీద, పేరు మీద నడిచే ఈ సినిమా పరిశ్రమే 1978లో ఒక చిత్రాన్ని ప్రేక్షకుల ముందుకు తెచ్చింది. దాని కథానాయకుడికి ఇల్లు లేదు, ఆస్తి లేదు. ధనవంతుల విందుల్లో కూర్చున్నా వారి ధనాన్ని ఆశించలేదు. ఆ చిత్రం 'కరుణామయుడు'. కోట్ల వ్యాపారం చేసే రంగం పేద వడ్రంగి కథను ఎందుకు చెప్పింది? దాన్ని క్రైస్తవులే కాక అన్ని మతాలవారూ ఎందుకు చూశారు? ఈ ప్రశ్నలకు జవాబు 1978లో మాత్రమే దొరకదు. దానికి సుమారు నూట యాభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. దేవుని కోసం తపించడం మనసులో జరిగే విషయం. మనసును చరిత్రకారుడు కొలవలేడు. కాని ఆ తపన వల్ల మనిషి తీసుకున్న నిర్ణయాలు, పోగొట్టుకున్న హక్కులు, కాదన్న జీతాలు పత్రాల్లో, చట్టాల్లో, జ్ఞాపకాల్లో మిగులుతాయి. కాబట్టి ఈ పాఠంలో ప్రతి ఉదాహరణనూ మూడు ప్రశ్నలతో పరిశీలిద్దాం. ఒకటి, ఏమి వదులుకున్నారు? రెండు, ఆ భారం ఎవరి మీద పడింది? మూడు, దాని ఫలితం ఎవరికి అందింది?

1.2 భావనకు మూలాలు

క్రైస్తవ గ్రంథంలో ఈ భావనకు రెండు వైపులున్నాయి. మొదటిది తృష్ణ. కీర్తనకారుడు దేవుని కోసం పడే తపనను దప్పిగొన్న దుప్పి నీటివాగు కోసం పడే ఆరాటంతో పోల్చాడు. రెండవది ఎంపిక. ఒకే దాసుడు ఇద్దరు యజమానులకు ఊడిగం చేయలేడని, దేవునికీ సిరికీ కలిపి దాస్యం చేయడం కుదరదని యేసు బోధించినట్లు మత్తయి సువార్త చెబుతుంది. అదే సువార్తలో ఒక ధనిక యువకుడు యేసు దగ్గరకు వచ్చి, ఆస్తి అమ్మి పేదలకు ఇమ్మన్న మాట విని, విచారంతో వెళ్లిపోతాడు.

ఆ యువకుడు చెడ్డవాడు కాడు, ఆజ్ఞలన్నీ పాటించినవాడు. అతనికి దేవుని మీద కోరిక లేకపోలేదు. అయితే ఆస్తి మీద ఉన్న కోరిక దానికంటే బలమైనదని పరీక్ష ఎదురైనప్పుడే తెలిసింది. క్రైస్తవ సంప్రదాయంలో ధనం పాపం అని కాక, ధనం పరీక్ష అని చెప్పడం ఎక్కువగా కనిపించడానికి ఇటువంటి కథలే ఆధారం.

ఈ ప్రశ్న తెలుగువారికి క్రైస్తవంతోనే పరిచయమైనది కాదు. పోతన తన భాగవతాన్ని రాజులకు అంకితమివ్వడానికి ఇష్టపడలేదని, త్యాగరాజు తంజావూరు ఆస్థానం పంపిన కానుకలను తిప్పి పంపాడని మన సంప్రదాయం చెప్పుకుంటుంది. సిరికంటే దైవసన్నిధి గొప్పదన్న మాట తెలుగు చెవికి పాతదే. సువార్త ప్రచారకులు వచ్చేనాటికే ఆ మాట వినడానికి నేల సిద్ధంగా ఉంది.

1.3 వారసత్వం పోయే కాలం: పురుషోత్తమ చౌధరి

పురుషోత్తమ చౌధరి (1803–1890) పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. సంప్రదాయ విద్య, సంగీత పరిజ్ఞానం ఉన్నవారు. 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తరువాత దీర్ఘకాలం సువార్త పనిలో గడిపారు. శాస్త్రీయ రాగాల్లో ఆయన రచించిన కీర్తనలు నేటికీ తెలుగు సంఘాలన్నింటిలో, శాఖాభేదం లేకుండా పాడుతున్నారు.

1833 అన్న సంవత్సరాన్ని గమనించండి. ఆనాటి హిందూ ధర్మశాస్త్రం ప్రకారం కులభ్రష్టుడైనవాడికి పిత్రార్జితంలో వాటా పోయే ప్రమాదం ఉండేది. మతం మారడం అంటే బంధువులతో భోజనం, పెళ్లి సంబంధం మాత్రమే కాదు, ఆస్తి మీద హక్కును కూడా పణంగా పెట్టడమే. 1850లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం చేసిన 21వ చట్టం, అంటే కుల అనర్హతల తొలగింపు చట్టం, ఈ పరిస్థితిని మార్చింది. కులం పోయినా, మతం మారినా వారసత్వపు హక్కు పోదని ఆ చట్టం చెప్పింది.

ఈ మార్పును అందరూ స్వాగతించలేదు. చట్టం ముసాయిదా దశలో ఉన్నప్పుడే మద్రాసులో గాజుల లక్ష్మీనరసు శెట్టి వంటి తెలుగు ప్రముఖులు గట్టిగా వ్యతిరేకించారు. వారి వాదనలోనూ ఒక తర్కం ఉంది. ఆస్తి పొందే కొడుకు పితృకర్మలు చేయాలి. కర్మలు వదిలినవాడు ఆస్తి మాత్రం తీసుకోవడం న్యాయం కాదన్నది ఆ వాదన. ఈ వివాదం మనకు ఒక సంగతి నేర్పుతుంది. 1850కి ముందు మతం మారినవారి విషయంలో 'ఆస్తి వదులుకున్నారు', 'ఆస్తి పోయింది' అన్న రెండు మాటలను విడదీయడం కష్టం. త్యాగం కొంత వ్యక్తి నిర్ణయం, కొంత చట్టం విధించిన శిక్ష.

1.4 వదులుకోవడానికి ఆస్తి లేనివారు: ఒంగోలు

ధనాన్ని వదులుకోవడం అంటే ధనవంతుల విషయమే అనుకుంటాం. మరి భూమి, ఇల్లు, వారసత్వం ఏమీ లేనివారి మాటేమిటి? ఈ ప్రశ్నకు ఒంగోలు చరిత్ర జవాబు చెబుతుంది.

1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు చేరుకున్నాడు. అదే ఏడాది తాళ్లకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొందాడు. పేరయ్య మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. క్రైస్తవుడు కాకముందే యోగమార్గంలో దైవాన్వేషణ చేసినవాడు. అంటే అతని తపన మిషనరీతో మొదలు కాలేదు. తన వ్యాపారం కోసం తిరిగిన ఊళ్లలోనే అతను కొత్త విశ్వాసాన్నీ చెప్పాడు. ఒంగోలు ప్రాంతంలో ఉద్యమం వ్యాపించింది ముందుగా ఇటువంటి స్థానికుల వల్లనే.

కొత్తగా చేరినవారికి మూడు నియమాలు ముఖ్యంగా ఉండేవి: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహారాధన చేయకూడదు. వినడానికి ఇవి మతనియమాలు. కాని మాదిగవాడకు ఇవి బతుకుతెరువుకు సంబంధించినవి. చచ్చిన గొడ్డు మాంసం పేదవాడికి దొరికే కొద్దిపాటి ఆహారంలో ఒకటి. జాతరలో డప్పు కొట్టడం ఊరికి చేయవలసిన వెట్టి, దానికి ప్రతిఫలంగా అందే మేర కూడా. కోతల కాలంలో వారానికి ఒక రోజు పని మానితే ఆసామికి కోపం, కూలివాడికి పస్తు. కాబట్టి ఈ నియమాలు పాటించినవారికి పని దొరక్కపోవడం, ఊరి పెద్దల వేధింపు తప్పలేదు. ఆస్తి లేనివాడు కూడా దేవుని కోసం వదులుకోగలిగింది ఉందని దీనివల్ల తెలుస్తుంది. అతను వదులుకున్నది రేపటి కూడు.

తరువాత 1876–78 నాటి పెద్ద కరువు వచ్చింది. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని క్లౌ కాంట్రాక్టు తీసుకొని వేలమందికి పని కల్పించాడు. ఇక్కడే క్రైస్తవ చరిత్రలో తరచు వినిపించే ఆరోపణ ఎదురవుతుంది: వీరు దేవుని కోసం వచ్చారా, గింజల కోసం వచ్చారా? క్లౌకు కూడా ఈ అనుమానం తెలుసు. అందువల్ల సహాయం అందుతున్నంత కాలం, అంటే ఏడాదికి పైగా, అతను బాప్తిస్మాలు ఆపివేశాడు. కరువు సహాయం ముగిసిన తరువాతే మళ్లీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఈ ఆధారాన్ని రెండు విధాల చదవవచ్చు. సహాయం ఆగిన తరువాత వచ్చారు కాబట్టి వారిని నడిపింది గింజలు కావని ఒకరు అనవచ్చు. ఆపదలో తోడుగా నిలిచినవారి మీద పుట్టిన నమ్మకమే వారిని తెచ్చిందని మరొకరు అనవచ్చు. రెండూ నిజం కావచ్చు. ఆకలి ఉన్నవాడి భక్తిని అనుమానించి, కడుపు నిండినవాడి భక్తిని అనుమానించకపోవడం మాత్రం చరిత్రకారుడు చేయకూడని పని.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. 1850 నాటి చట్టానికి ముందు, తరువాత మతం మారినవారి ఆర్థిక స్థితిలో తేడా ఏమిటి?
2. ఒంగోలు క్రైస్తవుల మూడు నియమాలు వారి జీవనోపాధిని ఎలా దెబ్బతీశాయి?

1.5 జీతం లేని సేవ: భక్త్ సింగ్

ఇరవయ్యో శతాబ్దానికి వచ్చేసరికి ప్రశ్న మరో రూపం తీసుకుంది. మిషన్లు పాఠశాలలు, ఆసుపత్రులు కట్టాయి. బోధకులకు జీతాలు ఇచ్చాయి. దానివల్ల మేలు జరిగింది. దానితో పాటు, ఎవరు జీతం ఇస్తారో వారి మాటే చెల్లే పరిస్థితి కూడా వచ్చింది. ఈ స్థితికి ఎదురుగా నిలిచినవారిలో భక్త్ సింగ్ (1903–2000) ముఖ్యులు.

ఆయన పంజాబులో కలిగిన సిక్కు కుటుంబంలో పుట్టారు. ఇంజనీరింగ్ చదువు కోసం మొదట ఇంగ్లండు, తరువాత కెనడా వెళ్లారు. కెనడాలో ఉండగా కొత్త నిబంధన చదివి క్రైస్తవుడయ్యారు. 1932లో వాంకూవరులో బాప్తిస్మం తీసుకున్నారు. 1933లో బొంబాయిలో ఓడ దిగినప్పుడు తల్లిదండ్రులు ఎదురువచ్చి, నమ్మకాన్ని రహస్యంగా ఉంచుకుంటే ఇంటికి రావచ్చన్నారు. ఆయన ఒప్పుకోలేదు. ఇంజనీరుగా దొరకగలిగిన జీవితాన్నీ, ఇంటి అండనూ వదిలి బోధకుడిగా బయలుదేరారు. 1941లో మద్రాసులోనూ, 1950లో హైదరాబాదులోనూ సంఘాలు స్థాపించారు. హైదరాబాదులోని గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గరి హెబ్రోను ఆయన పనికి కేంద్రమైంది.

అక్కడి పద్ధతి ప్రత్యేకమైనది. పరిచారకులకు నిర్ణీత జీతం లేదు. చందాల కోసం బహిరంగ విజ్ఞప్తులు లేవు. విదేశీ మిషను అజమాయిషీ లేదు. అయినా ఏటా జరిగే పరిశుద్ధ సభాకూటములకు వేలమంది వచ్చి రోజుల తరబడి పందిళ్లలో ఉండేవారు. కులభేదం లేకుండా ఒకే బంతిలో కూర్చొని భోజనం చేసేవారు. బియ్యం, కట్టెలు, పందిళ్లు డబ్బు లేనిదే రావు కదా. విశ్వాసులు స్వచ్ఛందంగా ఇచ్చిన కానుకలతోనే అవి జరిగాయి. కాబట్టి ఇక్కడ జరిగింది డబ్బు లేకుండా బతకడం కాదు. డబ్బు అడగకుండా, డబ్బు ఇచ్చేవాడికి అధికారం ఇవ్వకుండా బతకడం.

మన రెండో ప్రశ్నను ఇక్కడ మరువకూడదు. జీతం వద్దన్న నిర్ణయం పరిచారకుడిదైతే, ఆ నెల బియ్యం ఎక్కడి నుంచి వస్తాయన్న దిగులు అతని ఇంట్లో వంట చేసే మనిషిది కూడా. త్యాగపు చరిత్రల్లో బోధకుడి పేరు ఉంటుంది. ఇంటిని నెట్టుకొచ్చిన భార్య పేరు తరచు కనబడదు. మౌఖిక చరిత్ర సేకరణకు ఇది మంచి క్షేత్రం.

1.6 తెర మీద: కరుణామయుడు

హెబ్రోనులో పందిళ్ల కింద ఈ పద్ధతి సాగుతున్న కాలంలోనే మద్రాసు స్టూడియోల్లో మరో ప్రయత్నం జరిగింది. నటుడు విజయచందర్ యేసు జీవితాన్ని తెలుగులో చిత్రంగా తీయడానికి పూనుకున్నారు. ఆయన ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు మనుమడు. న్యాయవాదిగా బాగా సంపాదించి, ఆ సంపాదనను దేశం కోసం ఖర్చుచేసి, చివరికి పేదగా మిగిలిన ప్రకాశం కథ తెలుగువారికి తెలిసిందే. యేసు పాత్రను విజయచందర్ స్వయంగా ధరించారు.

పని సులభంగా సాగలేదు. డబ్బు ఇబ్బందుల వల్ల నిర్మాణం ఏళ్ల తరబడి నడిచింది. దర్శకుడు ఎ. భీంసింగ్ చిత్రం విడుదల కాకముందే 1978 జనవరిలో మరణించారు. ఫ్రాన్సిస్కన్ సంఘానికి చెందిన గురువు క్రిస్టఫర్ కోయెలో స్క్రీన్‌ప్లేలో, దర్శకత్వంలో పాలుపంచుకున్నారు. మోదుకూరి జాన్సన్ మాటలు సమకూర్చారు. 1978 డిసెంబరులో చిత్రం విడుదలై విజయం సాధించింది. తరువాత అనేక భాషల్లోకి అనువాదమైంది. హిందీలో 'దయాసాగర్' అన్న పేరుతో వెళ్లింది.

ఈ చిత్రానికి రెండు జీవితాలున్నాయి. మొదటిది టిక్కెట్టు కొని థియేటరులో చూసినది. రెండవది పల్లెల్లో రాత్రిపూట తెల్లగుడ్డ కట్టి, ప్రొజెక్టరు పెట్టి ఉచితంగా చూపినది. సంచార బృందాలు ఈ చిత్రాన్ని దేశంలో ఎన్నో ఊళ్లకు తీసుకువెళ్లాయి. ఒకే వస్తువు ఒకచోట సరుకు, మరోచోట సువార్త. వ్యాపారంగా పుట్టినది వ్యాపారం కాని పనికి ఉపయోగపడింది.

మూడు ప్రశ్నలూ వేద్దాం. ఏమి వదులుకున్నారు? యుగళగీతాలు, పోరాటాలతో నడిచే నాటి సినిమా సూత్రాన్ని వదులుకున్నారు. దానితో పాటు వసూళ్ల భరోసానూ వదులుకున్నారు. భారం ఎవరిది? ముఖ్యంగా నిర్మాతది. ఫలితం ఎవరికి? సినిమా రంగానికి, క్రైస్తవ సంస్థలకు, ప్రేక్షకులకు ముగ్గురికీ. విజయచందర్‌కు ఈ పాత్ర శాశ్వతమైన గుర్తింపు తెచ్చింది. అందువల్ల దీన్ని కేవలం త్యాగమనీ అనలేం, కేవలం వ్యాపారమనీ అనలేం. ధనాన్ని మించినది ఒకటుందని చెప్పడానికి కూడా ధనం కావలసి వస్తుంది. ఆ ధనం పనిముట్టుగా ఉందా, యజమానిగా మారిందా అన్నదే ప్రశ్న.

1.7 ఫిల్మ్‌నగర్ కాలం

కరుణామయుడు తరువాత ఆ దారిలో మరికొన్ని చిత్రాలు వచ్చాయి. బాపు దర్శకత్వంలో 'రాజాధిరాజు' 1980లో, కృష్ణ యేసు పాత్ర ధరించిన 'శాంతి సందేశం' 2004లో విడుదలయ్యాయి. ఈ రెండింటి మధ్య కాలంలోనే తెలుగు సినిమా పూర్తిగా హైదరాబాదుది అయింది. ఫిల్మ్‌నగర్ దానికి చిరునామా అయింది.

ఇదే కాలంలో తెలుగు క్రైస్తవంలో మరో బోధ బలపడింది. నమ్మితే అప్పులు తీరతాయి, వ్యాపారం పెరుగుతుంది, ఐశ్వర్యమే ఆశీర్వాదానికి గుర్తు అన్న బోధ ఇది. టీవీ చానెళ్లు, పెద్ద సభలు దీనికి వేదికలయ్యాయి. దీన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. తరతరాలుగా పేదరికం చూసిన కుటుంబానికి, దేవుడు నీ బతుకు బాగుపడాలని కోరుకుంటున్నాడన్న మాట ఊరటనిస్తుంది. కాని దీనికి ఒక ప్రమాదం కూడా ఉంది. ఐశ్వర్యం ఆశీర్వాదమైతే, పేదరికం అవిశ్వాసానికి శిక్ష అవుతుంది. అప్పుడు ఒంగోలు కూలివాడు దోషిగా నిలబడతాడు.

చట్టం కూడా ఈ కథలో మళ్లీ వచ్చింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా హిందువులకే పరిమితమైంది. తరువాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది. క్రైస్తవులైన దళితులకు ఆ హోదా లేదు. తెలుగు రాష్ట్రాల్లో వారిని బీసీ–సి వర్గంలో చేర్చి ఒక శాతం రిజర్వేషను కల్పించారు. దీని న్యాయాన్యాయాల మీద ఇరువైపులా బలమైన వాదనలున్నాయి. మన పాఠానికి సంబంధించినంతవరకు ఒక పోలిక చాలు. 1850 చట్టం మతం మారినవాడి ఆస్తి హక్కును కాపాడింది. 1950 ఉత్తర్వు తరువాత మతం ప్రకటించడం మళ్లీ ఆర్థిక పర్యవసానం ఉన్న నిర్ణయమైంది. దరఖాస్తు ఫారంలో మతం అన్న గడి ముందు ఆగిన విద్యార్థికి ఈ పాఠంలోని ప్రశ్న పాత కథ కాదు.

1.8 సారాంశం

దేవుణ్ణి ధనంకంటే మిన్నగా కోరుకోవడం తెలుగు క్రైస్తవ చరిత్రలో ఒకే రూపంలో కనిపించదు. పురుషోత్తమ చౌధరి కాలంలో అది వారసత్వానికి సంబంధించినది. ఒంగోలులో రోజు కూలికి, ఊరి మేరకు సంబంధించినది. భక్త్ సింగ్ దగ్గర జీతానికి, అజమాయిషీకి సంబంధించినది. కరుణామయుడులో పెట్టుబడికి సంబంధించినది. ప్రతిసారీ ధనం ఉంది. ధనం లేని చోటు ఎక్కడా లేదు. తేడా అంతా దేనికి 'వద్దు' అన్నారన్న దానిలో ఉంది. అలా అనడం ధనవంతుడికి మాత్రమే సాధ్యమైన పని కాదని ఒంగోలు చెబుతుంది. అలా అన్నవాడి వెనుక ఎవరు భారం మోశారో కూడా అడగాలని మిగిలిన కథలు చెబుతాయి.

మీ ఊళ్లో పాత చర్చి ఉంటే, దానికి స్థలం ఎవరిచ్చారో, రాళ్లు ఎవరు మోశారో, మొదటి కాపరికి భోజనం ఎవరు పెట్టారో పెద్దలను అడిగి రాసుకోండి. ఈ పాఠానికి తరువాతి పేజీ అక్కడే ఉంది.

1.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

అ. ఈ క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఒంగోలు సామూహిక ఉద్యమంలో విశ్వాసానికి, జీవనోపాధికి గల సంబంధాన్ని చర్చించండి.
2. త్యాగాన్ని అధ్యయనం చేయడానికి ఈ పాఠం సూచించిన మూడు ప్రశ్నలను ఏవైనా రెండు ఉదాహరణలకు అన్వయించండి.

ఆ. ఈ క్రింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 1850 నాటి 21వ చట్టం ప్రాముఖ్యం, దానిపై వచ్చిన వ్యతిరేకత.
2. భక్త్ సింగ్ సంఘాల ఆర్థిక పద్ధతి.
3. 'కరుణామయుడు' చిత్రానికి గల రెండు జీవితాలు.